చెరువు గట్టు మీద ఎవరో వాయించారు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే ఆపేస్తాను. నేను బళ్లో పిల్లలకి లెక్కలు చెప్పుకునే మనిషిని. ఇలాంటివి ఎవరైనా చెప్తే నేనే నమ్మేదాన్ని కాదు. కానీ ఇది నాకు జరిగిందండి. నా చెవులతో విన్నాను. ఒక్క ముక్క కలిపి చెప్తే నా నోరు పడిపోవాలి.

ఆకివీడు అవతల, కొల్లేరు వైపు మాకో రొయ్యల చెరువుంది. గట్టు మీద రేకుల షెడ్డు. రాత్రిళ్లు మా ఆయన అక్కడే పడుకుంటారు. ఆ రోజు ఆయనకి జ్వరం. "ఇంటికి పోదాం పదండి" అంటే వినరే!

"పంట చేతికొచ్చే ముందు చెరువు వదిలేసి ఎలా వస్తాను మేరీ?"

సరే, నేనే అక్కడికి వెళ్లాను. కాస్త జావ తాగించి, మాత్ర వేసి పడుకోబెట్టాను. ఆయన నిద్రపోతే చెరువుకి కాపలా నేను. నిద్ర ఆపుకోవాలిగా... డ్రమ్ము కర్రలు తీశాను.

అదేంటంటారా? నేను డ్రమ్స్ నేర్చుకుంటున్నానండి. మా చర్చిలో డ్రమ్ సెట్టు గుడ్డ కప్పుకుని మూల పడి ఉండేది. వాయించే మనిషి లేడు. నేను వాయిస్తానంటే అందరూ నా నెరిసిన జుట్టు వంక చూశారు. తాడేపల్లిగూడెంలో ఒక మాస్టారు మాత్రం, "చేతులకి వయసేంటండీ! కాగితం చూసి వాయించడం వస్తే ఇంకెవరికీ భయపడక్కర్లేదు" అన్నారు. ఆ కాగితం మీద గీతలు, నల్లచుక్కలు. చుక్కల కింద కుడి చెయ్యా, ఎడమ చెయ్యా అని గుర్తులు. పారాడిడిల్ అని ఒకటుంటుంది. కుడి ఎడమ కుడి కుడి... ఎడమ కుడి ఎడమ ఎడమ. అంతే. వినడానికి తేలిక. చేతులకి ఎక్కదు.

ఈస్టర్ ఆరాధనకి మొదటిసారి నేను వాయించాలి. పాటంతా వచ్చేసింది, ఒక్కచోట తప్ప. చరణం అయిపోయి పల్లవి అందుకునే ముందు, ఆ ఖాళీ నింపడానికి ఫిల్ అని ఒక చిన్న వాయింపు ఉంది. రెండు పారాడిడిల్స్, చివర రెండు కర్రలూ కలిపి ఒక దెబ్బ. ఎన్నిసార్లు చేసినా ఆ చివరి దెబ్బకి ఎడమ చెయ్యి ముందే పడిపోయేది. వదిలేద్దామా అని కూడా అనుకున్నాను... నా వల్ల కాదని చర్చిలో చెప్పేద్దామనుకున్నాను.

ఆ రాత్రి రబ్బరు ప్యాడ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దాని మీద కొడితే చప్పుడేం రాదండి. చాప మీద వేలితో తట్టినట్టుంటుంది. పక్కన మనిషి హాయిగా నిద్రపోవచ్చు. ఫోన్లో టిక్కు టిక్కుమని తాళం పెట్టుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. షెడ్డులో లైటు వెలుగుతోంది. లైటు చుట్టూ పురుగులు.

కుడి ఎడమ కుడి కుడి... ఎడమ కుడి ఎడమ ఎడమ... చివర, తప్పు.

మళ్లీ. మళ్లీ తప్పు.

విసుగొచ్చి ఆగాను.

అప్పుడు... బయటనుంచి... 

టకటక టకటక... టకటక టకటక... ఠక్.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇయర్‌ఫోన్ తీసేశాను. ఏం లేదు. రేకులకి తగిలి తిరిగొచ్చిందేమో అనుకున్నాను. పరీక్షగా మళ్లీ వాయించాను, మళ్లీ చివర తప్పింది. ఆగాను.

టకటక టకటక... టకటక టకటక... ఠక్.

ఒళ్లు జల్లుమంది. ఎందుకో చెప్పనా? ప్రతిధ్వనైతే నా తప్పు నాకే తిరిగి రావాలి కదండీ. అది తప్పలేదు! చివరి దెబ్బ... రెండు కర్రలూ ఒక్కటై... ఎంత పొందిగ్గా పడిందో!

"ఎవరండీ?" అన్నాను.

కాసేపటికి మళ్లీ అదే. ఈసారి నిదానంగా. పిల్లాడికి ఎక్కం రాకపోతే నేను ఒక్కో అంకే విడమరిచి చెప్తానే... అలా. నాకు తెలియకుండానే నా చేతులు దాని వెంట వెళ్లాయి. కుడి ఎడమ కుడి కుడి... ఎడమ కుడి ఎడమ ఎడమ... ఠక్.

వచ్చింది! జన్మలో మొదటిసారి సరిగ్గా వచ్చింది. భయం సగం, ఆనందం సగం. కళ్లలో నీళ్లు తిరిగాయండి.

ఆ చప్పుడు మళ్లీ వచ్చింది. కాస్త దూరంనుంచి. గట్టు వెంట అవతలి మూలకి వెళ్తున్నట్టు.

ఎందుకు వెళ్లానో అడక్కండి. టార్చి పట్టుకుని వెళ్లాను. గట్టు మీద గడ్డి తడిగా ఉంది. ఎటు చూసినా చీకటి నీళ్లు. కప్ప కూడా అరవట్లేదు. మూల దాకా వెళ్లాను... ఎవరూ లేరు. టార్చి నీళ్ల మీదకి తిప్పాను.

కళ్లు.

ఎర్రటి కళ్లు. గట్టు పొడుగునా, నీటి అంచున... వందలు, వేలు... నన్నే చూస్తున్నాయి.

అరవబోయి ఆగాను. రొయ్యలండి! టార్చి పడితే వాటి కళ్లు నిప్పు కణాల్లా మెరుస్తాయి. కానీ ఇన్ని రొయ్యలు అంచుకి ఎందుకొచ్చాయి? గాలి ఆడకపోతేనే వస్తాయి... అప్పుడు తెలిసింది నాకు. ఆ నిశ్శబ్దం ఏంటో! నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు రాత్రంతా హోరుమని తిరగాలి. తిరగట్లేదు. కరెంటులో ఒక ఫేజు పోయింది. షెడ్డులో లైటుకి మాత్రం వస్తోంది, అందుకే నాకు తెలియలేదు. చెవిలో ఆ టిక్కు టిక్కు ఒకటి!

ఇంకోటి కూడా తట్టింది. ఆ హోరే ఉంటే, నాకు ఆ వాయింపు వినబడేదే కాదు.

"ఏవండీ! లేవండీ!" అని పరిగెత్తాను. పాపం ఆయన, ఒళ్లు కాలిపోతూనే లేచొచ్చి జనరేటర్ వేశారు. దడదడమని అందుకుంది. చక్రాలు తిరిగి నీళ్లు ఎగజిమ్ముతుంటే ఇద్దరం గట్టు మీద కూలబడ్డాం. తెల్లారేసరికి ఆ ఎర్రటి కళ్లు లోపలికి సర్దుకున్నాయి. ఒడ్డున కొన్ని పోయాయి. చెరువు నిలిచింది.

సంగతంతా చెప్తే మా ఆయన, "కొబ్బరి మట్ట ఏదో రేకుకి కొట్టుకుని ఉంటుందిలే" అన్నారు. ఆ మూలన కొబ్బరి చెట్టే లేదని ఆయనకీ తెలుసు. నేను వాదించలేదు.

ఈస్టర్‌నాడు వాయించాను. తడబడలేదు. ముందు వరసలో పెద్దావిడ ఒకామె, చేతికర్ర పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టారు.

మొన్న రొయ్యల పట్టుబడి అయింది. ఐసు పెట్టెలు, లారీ, వలలు, ఒకటే సందడి. రెండు చెరువుల అవతల ఉండే రాజుగారు చూడ్డానికొచ్చారు. టీ ఇచ్చాను.

"అమ్మా, మీకొక మాట చెప్పాలి. ఆ ఫేజు పోయిన రాత్రి మీ డ్రమ్ము వినబట్టే నాకు మెలకువొచ్చింది. లేచి మోటార్లు చూసుకున్నాను. లేకపోతే మా చెరువు పోయేదండి."

"మీకు వినబడిందా అండీ?" అన్నాను. పక్కనున్న మా ఆయనకే నిద్ర చెడలేదు... రెండు చెరువుల అవతలికా!

"ఎందుకు వినబడదూ! మీరు ఆగితే ఆయన అందుకుంటున్నాడు. భలే వాయించాడు. ఎవరండీ ఆయన?"

నేను మా ఆయన వంక చూశాను. ఆయన కొబ్బరి మట్ట అనలేదు.

"తెలీదండి" అన్నాను.

"ఎవరైతేనేం లెండి. చల్లగా ఉండాలి ఆ మనిషి" అని రాజుగారు టీ తాగి వెళ్లిపోయారు.

మనిషి అన్నారు రాజుగారు. నేనైతే... ఆ మాట కూడా ఇంకా అనలేకపోతున్నానండి.