ముందు నాకో మాట చెప్పొచ్చుగా, సాంబా

నిన్న పొద్దున షాప్‌లో ఉండగా ఫోన్ వచ్చింది.

"అన్నా, ఆయన పోయారు."

లక్ష్మి. మా సాంబ భార్య. హార్ట్ ఎటాక్ అంట. లీవ్ మీద రాజుపాలెం ఇంటికొచ్చి రెండు రోజులే అయింది.

వాడితో మాట్లాడి నాలుగేళ్లు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నావల్ల కాదు.

నరసరావుపేట బళ్లో మాది ఒకే బెంచీ. పరీక్షల్లో కాపీ కొట్టనిచ్చేవాడు కాదు. నేను ఫెయిలైతే మాత్రం నాకంటే ముందు వాడే ఏడ్చేవాడు.

నేను నాన్న గడియారాల కొట్టులోనే సెల్ రిపేర్ పెట్టాను. వాడు ఢిల్లీలో గవర్నమెంట్ జాబ్. పెద్ద ఆఫీసర్లు రహస్యాలు మాట్లాడుకునే ఫోన్లు చూసుకోవడం. మధ్యలో ఎవడు విన్నా ఒక్క ముక్క అర్థం కాదంట.

నాలుగేళ్ల కిందట డ్యూటీ మీద ఇటొచ్చి, నన్ను చూసిపోదామని ఆగాడు. గోలీసోడా తెప్పించాను. కొట్టగానే పొంగి వాడి చొక్కా, వాడు కౌంటర్ మీద పెట్టిన ఆఫీసు ఫోనూ తడిశాయి. చొక్కా కడుక్కోవడానికి వెనక్కి పోయాడు.

తడిసిన ఫోన్ కనపడితే నా చెయ్యి ఊరుకుంటుందా? స్క్రూలు తీసి వెనక మూత లేపాను.

స్క్రీన్ మీద ఒక ఎర్ర గీత. తర్వాత ఏమీ లేదు.

"ఏం చేశావురా?"

"ఆరబెడుతున్నా. ఏంది, అట్టా చూస్తావ్?"

ఎవరైనా విప్పితే అందులోదంతా దానంతట అదే చెరిగిపోతుందంట. నాకేం తెలుసు? వాడు ఫోన్ తీసుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు షాప్ ముందు జీపు.

కస్టమర్ల ఫోన్లన్నీ సంచిలో వేసుకుపోయారు. ఎవరు చేయించారో చెప్పమని నన్ను గుంటూరు తిప్పారు. నాన్నను పొద్దుగూకేదాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. బజార్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. "ఖాజాగాడు గూఢచారంట" అన్నవాళ్లూ ఉన్నారు. నెల తర్వాత తప్పేమీ లేదని వదిలేశారు.

గుంటూరులోనే చూపించారు, ఫోన్ ఎవరు విప్పారో రాసిచ్చిన కాగితం. నా పేరు, నాన్న పేరు, షాప్ అడ్రస్. సాంబ చేతిరాత.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు!

అబద్ధం రాయమనలేదురా. నువ్వు రాయవని తెలుసు. "ఖాజా, నీ పేరు రాయాల్సొచ్చింది, వాళ్లొస్తారు, నాన్నకి చెప్పుకో" అని ఒక్క ఫోన్ చేయొచ్చుగా. ఇంకెవడన్నా అయితే ఇంత మండేది కాదు.

తర్వాత కోటప్పకొండ తిరునాళ్లకి వచ్చి షాప్ ముందు నిలబడ్డాడు. "ఒరేయ్ ఖాజా" అన్నాడు.

"పనుంది" అన్నాను. తల కూడా ఎత్తలేదు.

నిన్న రాజుపాలెం పోతే, లక్ష్మి వాడి సొంత సెల్ నా చేతిలో పెట్టింది. గ్లాస్ అంతా పగిలిపోయి ఉంది.

"చానా రోజుల్నుంచి ఇట్టానే వాడారన్నా. ఎక్కడన్నా బాగుచేయించమంటే ఖాజానే చెయ్యాలనేవారు. ఫోటోలు కనపడేట్టు చేసియ్యి" అంటూ లాక్ నంబర్ చెప్పింది.

రాత్రే గ్లాస్ మార్చాను. లాక్ మాత్రం తీయలేదు. నా నంబర్ ఏ పేరుతో పెట్టుకున్నాడో, అసలు ఉంచుకున్నాడో లేదో చూడాలని మాత్రం చానా ఉంది. చూడను. పెద్దకర్మ రోజు లక్ష్మి చేతికిస్తాను, లాక్ ఆమే తీసుకుంటుంది.

కోపం ఇంకా పోలేదురా. ఏడుపు కూడా ఆగట్లేదు.

ఇదిగో, ఈరోజు నేనూ నీకు ముందు చెప్పకుండానే నలుగురూ చదివేచోట నీ పేరు రాసేశాను.

చెల్లుకు చెల్లు సాంబా. ఇక ప్రశాంతంగా పడుకో.