మాస్టారి మడమ కింద మచ్చ

మా పక్కింటి మాస్టారు మొన్న మంగళవారం ఆసుపత్రిలో పోయారు. నేను కెనడాలోని ఓక్‌విల్ వచ్చాక, అరవై తొమ్మిదో ఏట, నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆయన పుణ్యమా అని ఇది రాస్తున్నాను. తప్పులుంటే సగం ఆయనవి.

ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన మనిషి. వయసు చూసి మాట్లాడేవారు కాదు. "నీ ‘ఖ’ చూస్తే కడుపులో తిప్పుతోందయ్యా" అనేవారు. నేను తాపీమేస్త్రీని. నేను కట్టిన గోడ ఒక్కటీ వంకర పోలేదని జవాబిచ్చేవాణ్ణి. "చూసింది రాయి, అనుకున్నది రాయకు" అని రోజూ చెప్పేవారు.

నిరుడు ఆయన మడమ కింద నల్లమచ్చ లేచింది. డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు. ఈయన ఫోనులో ఏదో చదివి, విటమిన్ సి పొడి నీళ్ళలో కలిపి పూయడం మొదలుపెట్టారు. వాళ్ళ బేస్‌మెంట్‌లో ఆరుగురు కాలేజీ పిల్లలు అద్దెకుండేవారు. వాళ్ళలో ఫార్మసీ చదివే అమ్మాయి ఆ పేజీ చూసింది.

"అంకుల్, ఇది వేరే రకం స్కిన్ క్యాన్సర్ గురించి. అదీ ఇంకా ట్రై చేస్తున్నారంతే. ప్లీజ్, బయాప్సీకి వెళ్ళండి."

"కెనడా వీసా వచ్చినవాళ్ళంతా డాక్టర్లే! మండుతోందంటే పనిచేస్తోందన్నమాట. పోయి నీ షిఫ్టు చూసుకో."

ఆ పిల్ల ఏడుస్తూ మెట్లు దిగింది. నేను నవ్వాను.

తన మడమ తనకు కనబడదు కదా. ప్రతి ఆదివారం పల్చటి కాగితం వేసి మచ్చ అంచు గీసే పని నాకప్పగించారు. తగ్గితే మందు, పెరిగితే కత్తి. అదీ ఆయన పెట్టుకున్న షరతు.

మూడో వారం మచ్చ పెరిగింది. ఆయన మొహం చూశాను. పెన్సిలు లోపలికి జరిపాను.

"చూశావా!" అని నా వీపు తట్టారు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ తర్వాత ప్రతి ఆదివారం లోపలికే గీశాను.

మచ్చ పుండై, గజ్జల్లో గడ్డ కట్టాక ఆసుపత్రికి వెళ్ళారు. ఆలస్యమైందన్నారు డాక్టర్లు. మంచం పక్కన కూర్చుని నిజం చెప్పేశాను.

ఆయన కాలు దుప్పటి కిందికి లాక్కున్నారు. "ఆ అమ్మాయికి చెప్పు, తనే రైటని. నువ్వింక రావద్దు."

ఆ అమ్మాయికి చెప్పాను. ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళలేదు.

ఇక్కడ ఫ్యూనరల్ హోమ్‌లో శవపెట్టె మూత సగమే తెరుస్తారు. మొహం వైపు జనం వరుస కట్టారు. నేను కాళ్ళ వైపు, మూసిన చెక్క దగ్గర నిలబడ్డాను.