నోరారా ఒప్పుకున్న రోజు

మా అత్తవారింట్లో నోరున్న మనిషినని నాకు పేరు. మావారికేమో వాళ్ల పెదనాన్నగారి ముందు నోరు పెగలదు. అందుకే మండపేట మెయిన్ రోడ్డు మీదున్న నా టైలరింగ్ గది ఇవ్వబోమని చెప్పే పని నా మీద పడింది. పక్కనే ఆ పెదమావయ్యగారి ఫ్యాన్సీ షాపు. మధ్య గోడ కొట్టించి మా గది కలుపుకోవాలని ఆయన ఆశ. ఆ గది పోతే నా మిషన్ వంటింటి మూలకి చేరుతుంది, దాంతోపాటు నేనూనూ.

వాళ్లింటికి వెళ్లాం. మా వైపు మర్యాద సంగతి తెలిసిందే, తినకుండా మాట మొదలుపెట్టనివ్వరు. అరచేయంత తాపేశ్వరం కాజా చేతిలో పెట్టారు. త్వరగా తినేసి విషయం తేల్చేద్దామని నోరు బార్లా తెరిచాను. చెవి దగ్గర టక్కుమంది. తెరిచిన నోరు మరి మూతపడలేదు.

"గది సంగతేం ఆలోచించావమ్మా? ఇచ్చేస్తున్నట్టేనా?" అన్నారాయన.

"ఆ..." అన్నాను. ఆ నోట్లోంచి ఇంకో అక్షరం రాదు మరి.

ఆయన మొహం వెలిగిపోయింది. కంగారుగా తల అడ్డంగా ఊపాను. "మొహమాటం ఏంటమ్మా, తిను" అని ఇంకో కాజా వేశారు. మా వైపు వద్దంటే వడ్డించమనే కదా అర్థం! నాకు కళ్లనీళ్లు తిరిగాయి. సంతోషం పట్టలేకపోతోందన్నారు పెద్దత్తయ్యగారు. సొంగ కారితే గానీ మావారికి అనుమానం రాలేదు.

రాజమండ్రిలో పళ్ల డాక్టరుగారు దవడ కీలు జారిందన్నారు. గట్టిగా ఆవలించినా, ఇలా బార్లా తెరిచినా కొందరికి జారుతుందట. "నమిలేటప్పుడు ఎప్పుడైనా టక్ టక్ మనేదా అండి?" అనడిగితే "ఆ" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే. ఆయన బొటనవేళ్లకి గుడ్డ చుట్టుకుని, నా కింది దవడపళ్ల మీద పెట్టి, కిందికి నొక్కి వెనక్కి తోశారు. కీలు చోటికి చేరింది. గడ్డం కింద నుంచి నెత్తి మీదికి కట్టు కట్టి, కొన్నాళ్లు జావే తాగాలి, నోరు తెరవకూడదన్నారు. ఆ చివరి మాటకి మావారి మొహంలో మెరుపు నేను చూడకపోలేదు.

మర్నాడు పెదమావయ్యగారు తాపీమేస్త్రీతో సహా గదిలోకి వచ్చేశారు. మేస్త్రీ గోడ మీద సుత్తి ఆన్చాడు.

"నిన్న నోరారా ఒప్పుకున్నావు కదమ్మా! కొట్టించమంటావా?"

"ఆ" అనాలంటే నోరు తెరవాలి. "ఊహూఁ" అనడానికి నోటితో పనే లేదు.

"ఊహూఁ" అన్నాను.

మొహమాటమేమో అనుకుని మళ్లీ అడిగారు. మళ్లీ "ఊహూఁ". ఆయన ఇంకోసారి అడగబోతుంటే పక్కనుంచి మావారి గొంతు వినిపించింది.

"ఇవ్వమండి, పెదనాన్నగారూ."

ఆశ్చర్యంతో నా నోరు తెరుచుకోబోయింది. కట్టు ఉండబట్టి సరిపోయింది.