నౌరు దేశం లెక్కన మా కాలువ పెద్ద ఎన్నిక

ఆ యాసంగి పంటకాలంలో నా వరిని తెగులు తినలేదు, పందులు తొక్కలేదు. పసిఫిక్ సముద్రంలో చుక్కంత ఉండే నౌరు అనే దేశపు పార్లమెంటు ఎండగట్టింది. దాన్ని మా ఊరు వర్ని దాకా మోసుకొచ్చినవాణ్ణి నేనే. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు నవ్వినవాళ్ళను మాత్రం ఇంకా క్షమించలేదు.

ఎనభైల్లో మాట. మా పిల్లకాలువ కింద ఇరవై ఎనిమిది మంది రైతులం. ఎవరి పొలానికి ముందు నీళ్ళో కాలువ పెద్ద చెప్పాలి, నీళ్ళు వదిలే నీరడి ఆ ప్రకారం వదలాలి. ఆ పెద్ద గంగారెడ్డి. ఆయన పొలం తూము పక్కనే, నాది చిట్టచివర. ఆయన మడిలో కప్పలు ఈత పోటీలు పెట్టుకుంటుంటే నా మడి నెర్రెలిచ్చి నోరు తెరిచేది. ఆ ఏడు పెద్ద మారకపోతే నా పంట గడ్డికే. అందుకని ఆయన మీద నేనే నిలబడ్డాను.

అంతవరకు ఎన్నికంటే చేతులెత్తడమే. గంగారెడ్డి ఒకసారి గుడ్లురిమితే ఎత్తిన చేతులు తల గోక్కునేవి. ఇది అన్యాయమని, ఆరో తరగతితో బడి మానినా చదువు మానని నేను, బోధన్ బస్టాండు దగ్గర కొన్న పాత జనరల్ నాలెడ్జి పుస్తకం తిరగేశాను. నౌరు దొరికింది. ఎద్దులబండి మీద ఒక్క రోజులో చుట్టి రాగల దేశం. పార్లమెంటులో పద్దెనిమిది మంది. మూడేళ్ళకోసారి ఎన్నిక. గెలిచినవాళ్ళు తమలోంచే ఒకరిని అధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. నన్ను పట్టేసింది వాళ్ళు ఓటు వేసే తీరు. ఎవరికీ కనబడకుండా చీటీ మీద, నిలబడ్డవాళ్ళందరికీ వరసగా అంకెలు వేయాలి. ఒకటో అంకెకు నిండు ఓటు, రెండుకు అర ఓటు, మూడుకు మూడో వంతు. అన్నీ కూడితే ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళే మెంబరు.

రైతులను కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను. గంగారెడ్డి చివరిదాకా విని, "ఓటును గుడ ముక్కలు కోస్తరా రాజన్నా? చెరుకు గడనా గది?" అన్నాడు. దేశం దేశమే అట్లా వేస్తుంటే మన కాలువకేం వచ్చిందని నేను ఎదురడిగాను. దేశం మాట వినగానే అందరూ తలలూపారు.

ఒక చిక్కు మిగిలింది. పోటీలో ఇద్దరే ఉంటే ఎక్కువ ఒకట్లు వచ్చినవాడే గెలుస్తాడు, ఈ పద్ధతికీ చేతులెత్తడానికీ లెక్కలో తేడా లేదు. మూడోవాడు కావాలి. కాలువ నడుమ పొలమున్న లింగన్న దగ్గరికి వెళ్ళాను. పై వాళ్ళతో గానీ కింది వాళ్ళతో గానీ ఎన్నడూ జగడమాడని మనిషి.

"నాకెందుకన్నా? నాకెవ్వలేస్తరు?"

"ఎవ్వలెయ్యరనే నిలవడమంటున్న."

నా జీవితంలో అంత నిజాయితీగా మరెప్పుడూ మాట్లాడలేదు.

ఇక నా ప్రచారం. నాకు ఒకటి వేయండి, గంగారెడ్డికి మాత్రం తప్పకుండా మూడు వేయండి అని నావాళ్ళకు ఒట్టు పెట్టి చెప్పాను. అవతల గంగారెడ్డి కూడా తనవాళ్ళకు తనకు ఒకటి, నాకు మూడు అని అట్లాగే ఒట్టు పెట్టాడట. మీకు అర్థమైపోయే ఉంటుంది. నాకు కాలేదు.

ఓట్లు పడ్డాక బడి సారు నల్లబల్ల మీద లెక్క వేశారు. ఒకటో అంకెలు నాకు పదకొండు, గంగారెడ్డికి తొమ్మిది, లింగన్నకు ఎనిమిది. నేను గొంతు సవరించుకుని, ఉపన్యాసానికి లేచి నిలబడ్డాను.

"కూసో రాజన్నా," అన్నారు సారు. "సగాలు ఇంకా మిగిలే ఉన్నయి."

నా పదకొండు మందీ, ఆయన తొమ్మిది మందీ రెండో అంకె లింగన్నకే వేశారు. ఇరవై సగాలు పది. ఎనిమిదికి పది కలిస్తే పద్దెనిమిది. గంగారెడ్డి మనుషులు వేసిన మూడో అంకెలూ, లింగన్న మనుషులు విదిలించిన ముక్కలూ అన్నీ ఊడ్చి కలిపినా నేను పదిహేడూ మూడో వంతు దగ్గర ఆగిపోయాను. గంగారెడ్డి పదహారు.

"చేతులెత్తితే నువ్వే గెలుస్తుంటివి గద రాజన్నా," అన్నాడు గంగారెడ్డి, ఎంతో జాలిగా. ఆ మనిషి చెప్పిన మాట నేను ఒప్పుకోవలసి రావడం అదొక్కసారే.

మర్నాడు లింగన్న సారును వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. గెలిచినవాడిలా లేడు, జ్వరం తగిలినవాడిలా ఉన్నాడు.

"నీ మాట మీదనే నిలవడ్డ అన్నా. నీళ్ళు గుడ గా దేశపోళ్ళు ఎట్ల పంచుకుంటే గట్లనే పంచుత. పుస్తకం సూసి చెప్పు."

నా ప్రాణం లేచొచ్చింది. చివరి పొలానికే ముందు నీళ్ళని ఆ పుస్తకంలో లేకపోయినా చదివేద్దామనుకున్నాను. కానీ సారు పుస్తకం అందుకుని తానే పైకి చదివారు. ఆ దేశంలో నదుల్లేవు. కాలువల్లేవు. వాన పడితే తొట్లలో పట్టుకుంటారు, చాలకపోతే ఓడల మీద తెచ్చుకుంటారు.

లింగన్న చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించి, కాలువ పెద్ద ఎవరైతే వాళ్ళ పొలానికే ముందు నీళ్ళన్న పాత ఆనవాయితీనే సాగించాడు. ముందు తన మడి తడిపాడు. ఆ తర్వాత గంగారెడ్డితో ఎందుకులే తగాదా అని ఆయన మడి. నా వంతు వచ్చేసరికి కాలువలో నీళ్ళకు బదులు నత్తగుల్లలు ఉన్నాయి. అడగడానికి వెళ్తే పాపం ఎంతో మర్యాదగా సమాధానమిచ్చాడు.

"నువ్వు వాన కోసం సూడన్నా. నౌరోళ్ళు గట్లనే సూస్తరట గద."

ఆ రోజే ఎండిన మడి గట్టు మీద నిలబడి, కుడిచేయి చాచి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ దేశపు పార్లమెంటునైనా మా ఊరికి తెచ్చే ముందు, ఆ దేశంలో కనీసం ఒక్క పిల్లకాలువ ఉందో లేదో చూసుకుంటాను.