పడమటి గోడ మీది వల

పోర్ట్ బ్లెయిర్‌లో ఆ రోజు తప్పు నాదే. హాడోలో నేను దిగిన ఇంటి పడమటి గోడకు పాత చేపల వల కట్టి, దాని మీద దొండపాదు పాకించారు. నా కిటికీలోంచి సముద్రం కనబడటం లేదని, ఎవరినీ అడక్కుండా వల తాడు కోసేశాను. పాదంతా తెగి కూలిపోయింది.

మధ్యాహ్నానికి గోడ పెనంలా కాలింది. పక్కగదిలో పసివాడు ఏడుపు లంకించుకున్నాడు. ఇంటావిడ నూకాలమ్మ బయటికొచ్చి చూసింది.

"ఏటి భయ్యా, సముద్రం కావాలంటే గుమ్మం దాటితే కనపడదా? లోపల నా కూతురు పదిరోజుల బాలింత. ఆ వలే మాకు ఏసీ."

"నేను ఏసీ కొనిస్తానమ్మా" అన్నాను సిగ్గుపడుతూ. మా ఊళ్లో ఎండకి నేనెరిగిన మందు అదొక్కటే.

"కరెంటు పోతే అదేటి సేస్తది? బస్, ఇంక సాలు, కబుర్లొద్దు. తాడట్టుకో."

ఆవిడ ముడి నేర్పింది. ఇద్దరం కలిసి వల మళ్ళీ కట్టాం. పాదు ఎదిగేదాకా నీడ ఉండాలని దానికి కొబ్బరాకులు గుచ్చాం. తెగిన తీగల్ని ముక్కలు చేసి గోడ పొడవునా నాటాను. మర్నాడు బీచ్‌కి వెళ్లకుండా వాటికి నీళ్లు పోస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నపు ఎండ గోడ మీదికొచ్చినా ఆ గదిలోంచి ఏడుపు వినబడలేదు.