జీడి పెట్టిన చేయి

ఇన్నేళ్లూ ఈ సంగతి రాయకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. యాభై దాటాక, మణికొండలో నేను ఊడ్చే అపార్ట్‌మెంటులో ఉండే ఒక రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నం పూట కూర్చోబెట్టి నేర్పింది. రెండో కారణం భయం. అక్షరాలు వచ్చాక వాన గురించి రాశాను, లిఫ్టు ఆగిపోయిన రోజు గురించి రాశాను. మా ఆయన కాలి గురించి మాత్రం రాయలేదు. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. అయినా, ఆ కాలి గురించి రాస్తే నేను చేసింది కూడా రాయాలి.

అప్పుడు మేం పాలమూరు నుంచి వచ్చి మాదాపూర్ బండల మధ్య రేకుల షెడ్డులో ఉండేవాళ్లం. ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న చోట అప్పుడు గుట్టలు పేల్చేవారు. కంప్యూటర్ల కోసం బిల్డింగు లేస్తోందని చెప్పేవారు. కంప్యూటరు ఎలా ఉంటుందో మాలో ఎవరమూ చూడలేదు. ఆయన గోడ కట్టేవాడు, నేను ఇటుకలు, కలిపిన సిమెంటు మాలు అందించేదాన్ని. మేస్త్రి మొగుడూ పెళ్లాలను జోడీగానే పనిలో పెట్టుకునేవాడు. ఒకరు మూలపడితే రెండో మనిషికీ పని లేదు, షెడ్డూ లేదు. అందుకే ఆయన ఎడమ మడమ మీద నల్లమచ్చ లేచినప్పుడు ఎవరికీ చెప్పలేదు.

శనగగింజంత ఉండేది. ఆనెకాయ అనుకున్నాం. మా వైపు కాలికి ఆనె లేస్తే చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్ల జీడిగింజను సూదికి గుచ్చి, మంటకు చూపించి, కారిన నూనె చుక్క పెడతారు. తోలు మాడి, ఆనె వేరుతో సహా ఊడుతుందని నమ్మకం. మా అమ్మ పెట్టేది. షెడ్లలో ఎవరికి ఆనె లేచినా నా దగ్గరికే వచ్చేవారు. పని లేని ఆదివారం ఆయన కాలు ఒడిలో పెట్టుకుని కూర్చునేదాన్ని.

"ఏమే, మొగుని కాలు కాలుస్తున్నవా, వంకాయ కాలుస్తున్నవా?" అనేవాడు పళ్లు బిగబట్టి.

"కదలకు. కదిలితే పచ్చడి గూడ జేస్త."

మచ్చ పెచ్చు కట్టి ఊడేది. మళ్లీ వచ్చేది, ఇంకొంచెం వెడల్పుగా. నెత్తురు కారిన రోజు వేరు కదిలిందని సంతోషపడ్డాను. అలా రెండేళ్లు. చివరికి మడమ పుండై, గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ లేచింది. ఒకరోజు పరంజా ఎక్కబోయి, ఎక్కలేక, కిందే కూర్చుండిపోయాడు. మేస్త్రి చూశాడు. ఇక దాచడానికి ఏమీ లేదు. పెద్ద దవాఖానకు పోయాం.

ముక్క తీసి పరీక్షకు పంపారు. కొన్ని రోజులకు ఫలితం వచ్చింది, వార్డులో చేర్చుకున్నారు. ఆ సాయంత్రం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు.

"ఇది చర్మానికి వచ్చే క్యాన్సరమ్మా. గజ్జల్లోకి పాకింది. రేపు పాదం తీసేయాలి, ఆ గడ్డ కూడా. తీసినా మళ్లీ రాదని చెప్పలేను. ఎన్నాళ్ల నుంచి ఉందిది? మీరేమైనా పెట్టారా?"

గుట్ట పేల్చే ముందు ఈల వేస్తారు. ఈలకూ పేలుడుకూ మధ్య బండల చాటున చెవులు మూసుకుని కూర్చుంటాం. ఆ వరండాలో నాకు అలాగే ఉంది. ఇది నా చేత్తో నేనే తెచ్చిపెట్టానా?

"మూడు నెల్లాయె సారూ. ఏం పెట్టలె."

"మూడు నెలల్లో ఇంతా?"

డాక్టరు ముఖం మారింది. పక్కనున్న డాక్టరుతో ఇంగ్లీషులో ఏదో అని, కాగితం మీద రాసుకున్నాడు. నా అబద్ధం ఆ కాగితంలోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

పాదం తీసేస్తారన్న మాట మా ఆయనకు నేనే చెప్పాను.

"ఇగ మన జోడి ఎట్లనే?" అన్నాడు.

"నువ్వు కూసోని గోడ కట్టు. నేనే అన్నీ అందిస్త." ఆ మాట నేనే నమ్మలేదు. కడుపులో ఉన్నది ఆగక చెప్పేశాను. "డాక్టరుకు మూడు నెల్లని చెప్పిన. జీడి సంగతి చెప్పలె."

"గట్లెందుకు చెప్పినవ్?"

"నేనే చంపిన అంటరని."

"కాలు నీ ఒళ్లె పెట్టింది నేను గాదా? ఎవలన్న పట్టుకొచ్చి పెట్టిన్రా?" కోపంగానే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను తప్పు కొలత చెప్తె గోడ సక్కగొస్తదా? గాయన రేపు కొయ్యాలె. గాయనకు తప్పు కొలత ఇచ్చినవ్. పోయి చెప్పు."

తెల్లారి, డాక్టరు వార్డులో రౌండ్లకు రాకముందే ఆయన గది ముందు నిలబడ్డాను. వచ్చాక అంతా చెప్పాను: రెండేళ్లు, ఆదివారాలు, జీడిగింజ, నెత్తురు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

"కాల్చడం వల్లే వచ్చిందని నేననలేనమ్మా. కానీ కాల్చిన ప్రతిసారీ పైపైన పోయి, లోపల పెరిగింది. ఆ రెండేళ్లూ పోయాయి."

నిన్న రాసినది కొట్టేసి, కొత్తగా రాశాడు. తర్వాత ఆపరేషనుకు ఒప్పుకుంటున్నట్టు ఇంకొక కాగితం నా ముందుకు జరిపి, ఏముందో చదివి వినిపించాడు. వేలిముద్ర వేశాను. సిరా తుడుచుకోకుండానే వార్డుకు వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి, మంచం చివర కూర్చున్నాను. కుడికాలు కడిగాను. ఎడమకాలు ఒడిలోకి తీసుకున్నాను, ఆదివారాలు తీసుకున్నట్టే. కట్టు తడవకుండా వేళ్లు ఒక్కొక్కటే కడిగాను.

"సల్లగున్నయే నీళ్లు," అన్నాడు.

లేచి, వేడినీళ్లు అడగడానికి ఆయా దగ్గరికి వెళ్లాను.