నూనె ముట్టని మిస్త్రీ

పెంటయ్య మిస్త్రీకి నూనె అంటే భయం. సోలాపూరు దాజీపేటలో ఎవరు ఎదురుపడినా ముందు వాళ్ల చేతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవాడు. "నూనె!" అని అరిచి రెండడుగులు వెనక్కి గెంతేవాడు. ఆ తర్వాతే బాగున్నావా అని అడిగేవాడు, అదీ అంత దూరం నుంచే.

ఇంకే ఊళ్లోనైనా ఈ భయంతో ఎలాగో గడిచిపోయేది. సోలాపూరులో, అదీ సాంచాల మధ్య ఎలా గడుస్తుంది? సాంచాలంటే కరెంటు మగ్గాలు. వాటికి పొద్దున నూనె, సాయంత్రం నూనె, ఆగితే నూనె, ఆగకపోయినా నూనె. మరి పెంటయ్య చేసే పని ఏమిటయ్యా అంటే సాంచాలు బాగుచెయ్యడం. పొడుగాటి వెదురు కర్ర ఒకటి పట్టుకుని వచ్చి, సాంచా రోగమంతా విని, ఎక్కడ నూనె పొయ్యాలో ఆ కర్రతో చూపించేవాడు. పొయ్యాల్సింది మాత్రం సాంచా యజమానే.

పక్కింటి రామన్నకు నాలుగు సాంచాలుండేవి. ఆయన చేతిలో ముక్కు పొడుగు నూనె డబ్బా, నిద్రలో తప్ప ఎప్పుడూ ఉండేది.

"ఏడ వొయ్యాలె పెంటన్నా?"

"గా పండ్ల చక్రం మీద."

"గీడనా?"

"జర కిందికి. రెండు చుక్కలు. బస్! ఇగ దూరం జరుగు, నా మీద పడుతది."

"నా సాంచా కాడికొచ్చి నన్నే దూరం జరుగుమంటవేందే!"

సగం మంది యజమానులు విసిగిపోయి వేరే మిస్త్రీని చూసుకున్నారు. పెంటయ్య మాత్రం కర్ర వదల్లేదు.

పెళ్లిళ్లలో ఇంకా వినోదం. పంక్తిలో అందరూ బజ్జీలు కొరుకుతుంటే పెంటయ్య జేబులోంచి చెంచా తీసేవాడు. బజ్జీని దాంతో నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కా కింద పడకుండా నోటిదాకా చేర్చేసరికి పంక్తి లేచిపోయేది.

"ఇంగ్రేజోళ్లు పొయ్యి ఎనిమిదేండ్లాయె," అనేవాడు రామన్న అందరికీ వినబడేలా. "చెంచా మాత్రం మా పెంటన్న కాడ మర్చిపోయిండ్రు."

పంక్తి పంక్తంతా నవ్వేది. అవతల ఆడవాళ్ల వరసలో పెంటయ్య భార్య చంద్రభాగ తల వంచుకుని, విస్తరి వైపే చూస్తూ తినేది.

ఆమెకు కారణం సగం తెలుసు. పేట చివర ధర్మ దవాఖానలో ఆక్సిజన్ సిలిండర్లు రెండుండేవి. బొంబాయి నుంచి రైల్లో వచ్చేవి. పేటలో అందరూ వాటిని హవా బుడ్లు అనేవారు. వాటిని బిగించి, విప్పి, బాగుచేసే మనిషి ఊళ్లో ఇంకొకడు లేక ఆ పని పెంటయ్య నెత్తిన పడింది. పాత సాంచా చక్రాలు నాలుగు తెచ్చి సిలిండరుకు బండి చేశాడు. బొంబాయి నుంచి వచ్చిన గాజుసీసా పగిలిపోతే, మందు సీసా మూతకు రెండు కన్నాలు పెట్టి, గొట్టాలు దూర్చి, హవా నీళ్లలోంచి బుడగలుగా వచ్చే ఏర్పాటు చేశాడు. బుడగలు లెక్కపెడితే రోగికి హవా ఎంత పోతున్నదీ తెలుస్తుంది.

"నూనె, గా హవా ఒక్కకాడ కలిస్తే నిప్పు లేస్తది," అని ఆయన చంద్రభాగకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. "బుడ్డి పేలుతది. దవాఖాన గూడ మిగలదు."

"హవా దవాఖాన్ల ఉన్నది, నువ్వు పెండ్లిల ఉన్నవు. గీడ బజ్జీ ముడితే ఏమైతది?"

దానికి పెంటయ్య చెంచా తుడుచుకుని జేబులో పెట్టుకునేవాడు.

పెళ్లయిన కొత్తలో చంద్రభాగ తలకు నూనె రాసింది ఆయనే. ఇప్పుడు ఆమె తలంటుకున్న రోజు మంచం అవతలి గోడకు జరుపుకునేవాడు. ఆరేళ్లుగా ఇదే వరస. నేనంటే మొహం మొత్తిందేమోనని ఆమెకు లోపల దిగులు. బీడీలు చుడుతూ చుడుతూ ఒకనాడు ఆ మాట రామన్న భార్య సుందరాబాయితో అనేసింది.

"ముట్టకుంటే మంచిదే కదక్కా," అంది సుందరాబాయి. "మా ఆయన ముట్టిన అంగీలు ఉతకలేక నా రెక్కలు పడిపోతున్నయి." అని తనే పడీపడీ నవ్వింది. నవ్వు చివర దగ్గు వచ్చింది. ఆ రోజుల్లో ఆమె ఏం నవ్వినా చివర దగ్గే.

శ్రావణంలో ఆ దగ్గు న్యుమోనియా అయింది. సుందరాబాయిని దవాఖానలో పడుకోబెట్టి, ముక్కుకు గొట్టం పెట్టి హవా ఇచ్చారు. పగలు చంద్రభాగ తోడుండేది.

రెండో రోజు మధ్యాహ్నం సీసాలో బుడగలు ఆగిపోయాయి. బుడ్డి ఖాళీ. నర్సు జయశ్రీబాయి రెండో బుడ్డి బండిని కిర్రుకిర్రుమని తోసుకొచ్చింది. పాత బుడ్డి మీదున్న, గడియారంలా ముళ్లు తిరిగే మీటరు విప్పి కొత్తదానికి బిగించాలి. పానా వేసింది. నట్టు కదల్లేదు. పొద్దున కొత్త కాంపౌండరు కారుతుందేమోనని తన బలమంతా పెట్టి బిగించాడట. ఇప్పుడు ఆ కాంపౌండరూ, నర్సూ కలిసి వేలాడినా అది కదలడం లేదు.

పెంటయ్య భవానీపేటలో పెళ్లి భోజనానికి వెళ్లాడు. కాంపౌండరు సైకిలెక్కి పరిగెత్తాడు. మంచం మీద సుందరాబాయి చేప నోరు తెరిచినట్టు తెరుస్తోంది. పెదాలు నల్లబడుతున్నాయి.

"అక్కా..." అంది. తర్వాతి మాటకు ఊపిరి చాలలేదు.

మంచం పక్కనున్న రామన్న ఆగలేకపోయాడు. "సాంచా నట్టు పట్టేస్తే మనమేం జేస్తం? రెండు చుక్కలు!" అంటూ సంచిలోంచి నూనె డబ్బా తీసి, దాని ముక్కు నట్టు మీదికి వంచాడు. పెళ్లాం ప్రాణం పోతుంటే సాంచాల మనిషికి తెలిసిన వైద్యం అదొక్కటే.

చంద్రభాగ ఒక్క గంతు వేసి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నూనె!" అని అరిచింది.

గొంతు ఆమెదే. అరుపు మాత్రం అచ్చం పెంటయ్యది. రామన్న ఉలిక్కిపడి రెండడుగులు తనే వెనక్కి గెంతాడు.

"వదినే, విడువు! మనిషి పోతున్నది!"

"చుక్క పడితే అందరం పోతం! బుడ్డి పేలుతది! బయటికి వో, చేతులు కడుక్కో!"

జయశ్రీబాయి మొహం పాలిపోయింది. "బరోబర్! అస్సల్ నూనె వద్దు!" అని రామన్నను వసారాలోకి తోసి, నీళ్ల బిందె చూపించింది. నల్లాలో నీళ్లు పొద్దునే ఆగిపోయాయి.

అంతలో పెంటయ్య సైకిలు మీంచి దూకాడు. కొత్త ధోవతి, నెత్తిన పెళ్లివారి రుమాలు, చొక్కా జేబులో చెంచా. నేరుగా బుడ్డి దగ్గరికి వచ్చాడు. సూదులు ఉడకబెట్టే గిన్నెలోంచి వేడినీళ్లు తీయించి, శుభ్రమైన గుడ్డ తడిపి నట్టు చుట్టూ చుట్టాడు. ఒకటి, రెండు, మూడు అని ఇరవైదాకా లెక్కపెట్టాడు. గుడ్డ తీసి పానా వేసి ఒక్క పట్టు పట్టాడు. నట్టు కిచ్‌మని తిరిగింది.

కొత్త బుడ్డి కొంచెం తెరిచి ఫుస్సుమని దుమ్ము వదిలించి, మూసి, మీటరు బిగించి మళ్లీ తెరిచాడు. గడ్డం గీసుకునే బ్రష్షుతో సబ్బునురుగు రాసి, ఎక్కడా పొంగడం లేదని చూశాడు. మందు సీసాలో బుడగలు మొదలయ్యాయి. కాసేపటికి సుందరాబాయి పెదాల నలుపు విరిగింది. చంద్రభాగ ఆమె పాదాలు పట్టుకుని నేల మీద కూలబడి, "హమ్మయ్య, హమ్మయ్య," అంటూనే ఉండిపోయింది.

వసారాలో రామన్న ఇంకా చేతులు తోముతున్నాడు. బూడిద, సబ్బు, మళ్లీ బూడిద. బిందె అడుగంటింది. పెంటయ్య బయటికొచ్చి ఆ చేతులు వాసన చూసి, "ఇంక ఉన్నది," అన్నాడు.

జయశ్రీబాయి చంద్రభాగను లేవదీస్తూ, తన మరాఠీ కలిసిన తెలుగులో మెల్లగా అంది. "చూసినవా వహినీ? సాంచా నూనె గోళ్లల్లకెళ్లి అంత జల్దీ పోదు. ఆరేండ్ల కింద మొదటిసారి పిలిచినప్పుడు పెంటయ్యభావు నూనె చేతులతోని సాంచా కాడినుంచి ఉరికొచ్చిండు. చేతులు కడుగుడుకే పావుగంట పట్టింది. గా పావుగంట ఒక ముసలాయన నా ముంగట గిలగిల కొట్టుకున్నడు. బతికిండు, దేవుని దయ. పెంటయ్యభావు మాత్రం గీ మెట్టు మీద కూసోని చిన్నపోరని లెక్క ఏడ్చిండు. ఎప్పుడు పిలుస్తరో తెల్వదు, ఇగ నూనె ముట్టనన్నడు. గప్పటిసంది ఎప్పుడు పిలిచినా నేను చేతులు కడుక్కోమని చెప్పలే."

చంద్రభాగ మొగుడి వంక చూసింది. ఆరేళ్ల దిగులు ఒక్కసారి దిగిపోయి, దాని స్థానంలో కోపం వచ్చింది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు గూడ బంద్ చేస్తవు," అన్నాడు పెంటయ్య నేల చూపులు చూస్తూ. "నూనె పెట్టుకోవు, బజ్జీలు చెయ్యవు. గా వాసనన్న ఉండనీ అనుకున్న."

మూడోనాడు చంద్రభాగ ఇంట్లో మూకుడు పెట్టి మిరపకాయ బజ్జీలు వేసింది. మూటగట్టి దవాఖానకు తెచ్చి, వసారాలో అందరూ చూస్తుండగా పెంటయ్యను కూర్చోబెట్టింది.

"చేతులు ఎనకకు వెట్టుకో. నోరు తెరువు."

"అందరు చూస్తుండ్రే..."

"చూడనీ. తెరువు!"

పెంటయ్య తెరిచాడు. ఆరేళ్ల తర్వాత నోట్లోకి వచ్చిన నిండు బజ్జీ, ముక్కలు కానిది. కళ్లు మూసుకుని నమిలాడు.

కిటికీ పక్క మంచం మీంచి సుందరాబాయి ఇదంతా చూసింది. "ఏం బావా, పండ్లొచ్చినయా?" అని అడిగి, నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని నవ్వింది. పక్కనే రామన్న ఊపిరి బిగబట్టి, నవ్వు చివర వచ్చే దగ్గు కోసం ఎదురుచూశాడు. నవ్వు అయిపోయింది. దగ్గు రాలేదు.

జయశ్రీబాయి వచ్చి సుందరాబాయి గోళ్లలో నలుపు లేదని చూసి, ముక్కులో గొట్టం తీసేసింది. ఇక చాలని బుడ్డి మూయడానికి చెయ్యి వేసింది. వసారాలోంచి పెంటయ్య, నోటి నిండా బజ్జీతో మాట రాక, వెనక పెట్టుకున్న చేతులు రెండూ ముందుకు తెచ్చి గాలిలో ఊపాడు: మెల్లగా తల్లీ, మెల్లగా, గట్టిగా బిగించకు.